సాలెగూడు ఎవరి సొంతం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1986 పదో తరగతి బ్యాచ్ వాణ్ణి. కంప్యూటర్లలో సమాచారాన్ని దాచే పరికరాల మీద ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న ఇంజనీరును.

మీ వృత్తికి దగ్గరగా ఉన్న విషయం ఒకటి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. పిల్లలకు అర్థం కావాలంటే వాళ్ళకు ఇష్టమైన చోటు నుంచే మొదలుపెట్టాలి. అందుకని ఒక వీడియో గేమ్ గురించి మాట్లాడతాను. గురువులు కోప్పడవద్దు. లెక్కలు, భౌతిక శాస్త్రం, కాస్త పౌరశాస్త్రం కూడా ఇందులోనే వస్తాయి. చివర్లో మన సంఘం పని కూడా వస్తుంది.

2004లో స్పైడర్‌మ్యాన్ 2 అని ఒక ఆట వచ్చింది. అదే ఏడాది వచ్చిన సినిమాకు జోడీగా విడుదలైంది. సోనీ వారి ప్లేస్టేషన్ 2 మీద ఆడుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ మీద ఆడుకోవచ్చు. నింటెండో వారి గేమ్‌క్యూబ్ మీదా ఆడుకోవచ్చు. పంతొమ్మిదేళ్ళ తర్వాత, 2023 అక్టోబరు 20న, మళ్ళీ స్పైడర్‌మ్యాన్ 2 అనే పేరుతోనే వేరే ఆట వచ్చింది. అది మాత్రం ఒక్క ప్లేస్టేషన్ 5 మీదే వచ్చింది. ఎక్స్‌బాక్స్ ఉన్న పిల్లాడికి లేదు. ప్లేస్టేషన్ 4 ఉన్న పిల్లాడికీ లేదు. హీరో ఒకడే, పేరు ఒకటే. అప్పుడు ముగ్గురి ఇంట్లో ఉన్నవాడు ఇప్పుడు ఒకరింటికే ఎందుకు పరిమితమయ్యాడు? ఇదీ ప్రశ్న.

చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. స్పైడర్‌మ్యాన్ సినిమాలు తీసేది సోనీ కాబట్టి ఆట కూడా సోనీదే అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ సరైన జవాబు కాదు. 2004లో కూడా ఆ సినిమా తీసింది సోనీయే కదా! అప్పుడు ఆట అన్ని యంత్రాల మీదా ఎలా వచ్చింది?

మన సినిమాలు ఎలా అమ్ముడవుతాయో గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నైజాం హక్కులు ఒకరివి, సీడెడ్ ఒకరివి, ఆంధ్ర ఒకరివి. శాటిలైట్ వేరు, ఓటీటీ వేరు, ఆడియో వేరు. బొమ్మ ఒకటే, హక్కులు ముక్కలు ముక్కలు. స్పైడర్‌మ్యాన్ కూడా అంతే. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి ఆ పాత్రను సృష్టించారు. పాత్ర మార్వెల్ సంస్థది. 1996లో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. ఆ గడ్డురోజులు దాటుతున్న కాలంలోనే సినిమా హక్కులు సోనీ చేతికి వెళ్ళాయి. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనేసింది. ఇన్ని చేతులు మారినా ఆటల హక్కులు మాత్రం మార్వెల్ దగ్గరే ఉన్నాయి. వాటిని చాలాకాలం ఆక్టివిజన్ అనే ప్రచురణ సంస్థకు లైసెన్సుగా ఇచ్చారు.

అప్పట్లో ఆక్టివిజన్‌కు సొంత ఆట యంత్రం ఉండేది కాదు. అంగడి లేని వ్యాపారి తన సరుకు ప్రతి అంగడిలోనూ ఉండాలని కోరుకుంటాడు. అందుకే 2004 ఆట మూడు యంత్రాల మీదా వచ్చింది. బ్యాట్‌మ్యాన్ సంగతి చూడండి. అర్ఖమ్ అసైలమ్ ఆటకు కొనసాగింపుగా 2011లో అర్ఖమ్ సిటీ వచ్చింది. దాన్ని ప్రచురించిన వార్నర్ సంస్థకు బ్యాట్‌మ్యాన్ ఉన్నాడు కానీ ఆట యంత్రం లేదు. కాబట్టి అది కూడా ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360, పీసీ అన్నిటి మీదా వచ్చింది.

ఇక 2014కు వద్దాం. ఆ ఏడాదే జే ఆంగ్ అనే ఆయన మార్వెల్ ఆటల విభాగానికి వచ్చారు. సినిమా విడుదల తేదీకి హడావుడిగా ముగించే ఆటలతో ఈ పాత్రకు న్యాయం జరగడం లేదని ఆయన భావించారు. ఆక్టివిజన్‌తో ఒప్పందం ముగించి, ఆట యంత్రాలు తయారుచేసే పెద్ద సంస్థల తలుపు తట్టారు. స్టీవెన్ కెంట్ రాసిన వీడియో గేముల చరిత్ర రెండో సంపుటంలో ఈ సంగతులు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ తమ సొంత పాత్రల మీదే దృష్టి పెడతామంది. సోనీ సరేనంది. అంటే ఎక్స్‌బాక్స్ పిల్లాడి నుంచి ఆ ఆటను ఎవరో లాక్కోలేదు. అతని యంత్రం చేసిన సంస్థే రాబోయిన అవకాశాన్ని గుమ్మంలోంచే తిప్పి పంపింది.

సోనీ ఆ పనిని కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో ఉన్న ఇన్సామ్నియాక్ అనే స్టూడియోకు అప్పగించింది. అప్పటికి అది స్వతంత్ర సంస్థ. తమాషా ఏమిటంటే అదే 2014లో అదే స్టూడియో ఎక్స్‌బాక్స్ వన్ కోసం సన్‌సెట్ ఓవర్‌డ్రైవ్ అనే ఆట చేసి ఇచ్చింది. పనివాళ్ళకు అంగడి భేదం లేదన్నమాట. 2018 సెప్టెంబరు 7న వాళ్ళ స్పైడర్‌మ్యాన్ ప్లేస్టేషన్ 4 మీద విడుదలైంది. ఏ సినిమాకూ జోడీ కాదు, కథ వాళ్ళదే. మూడు రోజుల్లో 33 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టులో సోనీ ఆ స్టూడియోనే కొనేసింది. కొన్న ధర సుమారు 22.9 కోట్ల డాలర్లు.

ఇప్పుడు లెక్క సరిపోయింది చూడండి. పాత్ర వాడుకునే లైసెన్సు సోనీ దగ్గర. పెట్టుబడి సోనీది. ఆట తయారుచేసే మనుషులు సోనీ ఉద్యోగులు. అమ్మే యంత్రం సోనీది. తొలి ఆటకు స్టూడియో ఒక్కటే బయటిది, రెండో ఆట నాటికి అది కూడా ఇంటిదైంది. ఇక రెండో ఆట పక్కింటికి ఎందుకు వెళుతుంది?

ఇదేదో సోనీకే పరిమితం కాదు. మార్వెల్ అల్టిమేట్ అలయన్స్ అనే ఆటలో మొదటి రెండు భాగాలూ ఆక్టివిజన్ వారివి, రకరకాల యంత్రాల మీద వచ్చాయి. మూడో భాగాన్ని 2019లో నింటెండో ప్రచురించింది. అది ఒక్క నింటెండో స్విచ్ మీదే వచ్చింది. సూత్రం ఒకటే. డబ్బు పెట్టేవాడికి సొంత యంత్రం ఉంటే, ఆ హీరో ఆ యంత్రానికి సేల్స్‌మ్యాన్ అయిపోతాడు.

యంత్రం అమ్మడానికి అంత తాపత్రయం ఎందుకంటే, అసలు లాభం యంత్రంలో ఉండదు. ప్లేస్టేషన్ 5 వచ్చిన కొత్తల్లో సోనీ దాన్ని నష్టానికే అమ్మింది. యంత్రం ఇంటికి చేరాక ఆ దుకాణంలో అమ్ముడయ్యే ప్రతి ఆట మీదా సుమారు 30 శాతం యంత్రం యజమానికి వస్తుంది. ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకు మీద సంపాదించే పద్ధతే ఇది. 2020లో 499 డాలర్లకు వచ్చిన ఆ యంత్రం కొనమని జనాన్ని ఒప్పించాలంటే మరెక్కడా దొరకనిది ఒకటి చూపించాలి. రెండో స్పైడర్‌మ్యాన్ తయారీకి దాదాపు 30 కోట్ల డాలర్లు ఖర్చయిందని పత్రికలు రాశాయి. అంత డబ్బు ఒక్క ఆట అమ్మకాల కోసమే పెట్టరు. ఆ ఆట వల్ల ఇంట్లోకి వచ్చే యంత్రం కోసం కూడా పెడతారు.

సరే, ఎక్స్‌బాక్స్ పిల్లాడికి జవాబు దొరికింది. ప్లేస్టేషన్ 4 పిల్లాడి సంగతేమిటి? అతనిది కూడా సోనీ యంత్రమే కదా. ఇక్కడికొస్తే నా వృత్తి మాట్లాడుతుంది.

ప్లేస్టేషన్ 4లో ఉండేది తిరిగే హార్డ్ డిస్కు. గ్రామఫోను మీద ముల్లులాగా, దాని తల ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలి సమాచారం చదవాలి. సెకనుకు 50 నుంచి 100 మెగాబైట్లు చదవగలదు. హీరో న్యూయార్కు వీధుల మీద ఊగుతూ పోతుంటే ముందు రాబోయే వీధి అతని కన్నా ముందే సిద్ధంగా ఉండాలి. తల అటూ ఇటూ తిరిగే సమయం లేదు. అందుకని ఇంజనీర్లు నగరాన్ని సుమారు వెయ్యి ముక్కలుగా కోసి, ఏ ముక్కకు కావలసిన సామాను ఆ ముక్కలోనే మూటగట్టి డిస్కు మీద పెట్టారు. ప్రతి వీధిలోనూ కనబడే వస్తువు ప్రతి మూటలోనూ ఉండాలి. అలా కొన్ని వస్తువులకు డిస్కు మీద 400 నకళ్ళు ఉన్నాయని ప్లేస్టేషన్ 5 రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలో చేసిన ప్రసంగంలో వివరించారు.

ప్లేస్టేషన్ 5లో తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ పెట్టారు. సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది. అంటే పాత దాని కన్నా యాభై రెట్ల పైమాటే. 2019లో సోనీ చేసిన ప్రదర్శనలో పాత యంత్రం మీద 8 సెకన్లు పట్టిన పని కొత్త దాని మీద ఒక్క సెకను లోపే అయింది. ఆ వేగాన్ని నమ్ముకుని రెండో ఆట కట్టారు. నగరానికి బ్రూక్లిన్, క్వీన్స్ ప్రాంతాలను కలిపారు. రెక్కలు కట్టి హీరోను ఇంకా వేగంగా ఎగిరించారు. ఆ నగరాన్ని పాత డిస్కు అందించలేదు.

కాబట్టి ఆ ఆటకు తాళాలు రెండు. ప్లేస్టేషన్ 4 తలుపుకు ఉన్న తాళం భౌతిక శాస్త్రం వేసింది. ఎక్స్‌బాక్స్ తలుపుకు ఉన్న తాళం కాగితం వేసింది. కొత్త ఎక్స్‌బాక్స్‌లోనూ ఎస్ఎస్‌డీ ఉంది, అక్కడ అడ్డు చిప్పులది కాదు. ఇలాంటి సందర్భాల్లో అమ్మేవాళ్ళు రెండో తాళాన్ని కూడా మొదటి తాళమే అన్నట్టు మాట్లాడతారు. "సాంకేతికంగా కుదరదండీ" అంటారు. ఏది కుదరదో, ఏది కుదరనివ్వరో విడదీసి చూడటమే ఇంజనీరు చదువు. నా మాట నమ్మనక్కర్లేదు. ఇదే ఆట 2025 జనవరి 30న పీసీ మీదికి వచ్చేసింది. పదిహేను నెలల తర్వాత ఎవరికి లాభం అనిపించిందో వాళ్ళే ఆ తాళం తీశారు.

ఇది మంచా, చెడా అని పిల్లలు అడుగుతారు. పెట్టుబడి పెట్టినవాడు ప్రతిఫలం కోరుకోవడం తప్పు కాదు. ఆ డబ్బు, ఆ ఓపిక లేకపోతే అంత మంచి ఆట వచ్చేది కాదు. కానీ ఇందులో ఎవరికీ శాశ్వతమైన భరోసా లేదు. లైసెన్సు ముగిశాక ఆక్టివిజన్ వారి పాత స్పైడర్‌మ్యాన్ ఆటలను డిజిటల్ దుకాణాల నుంచి తీసేశారు. ఈరోజు కొనాలన్నా అక్కడ దొరకవు. రెండో ఆట మొదటి పదకొండు రోజుల్లో 50 లక్షల ప్రతులు అమ్ముడైంది. సుమారు నాలుగు నెలలకే, 2024 ఫిబ్రవరిలో, సోనీ తన ఆటల విభాగంలో సుమారు 900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాలో ఇన్సామ్నియాక్ వాళ్ళూ ఉన్నారు. పాత్రా వాళ్ళది కాదు, యంత్రమూ వాళ్ళది కాదు. చేతిలో మిగిలింది పనితనం ఒక్కటే. సాఫ్ట్‌వేరు వైపు వెళ్ళాలనుకునే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక మన సంఘం పని. స్వర్ణోత్సవ కానుకగా బడికి డిజిటల్ తరగతి గది ఇవ్వాలని నిర్ణయించాం. రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకదానిలో ట్యాబ్‌లు దాదాపు ఉచితం, పాఠాలు మాత్రం ఆ ట్యాబ్‌ల మీదే నడుస్తాయి, ఏటా చందా కట్టాలి. రెండోదానిలో మామూలు కంప్యూటర్లు, ఖర్చు ఎక్కువ, పాఠాలు మనమే సమకూర్చుకోవాలి. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. ఎవరికి ఓటు వేయమనో చెప్పడానికి రాలేదు. స్పైడర్‌మ్యాన్ కథ నేర్పిన ప్రశ్నలు మూడున్నాయి, వాటికి ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా జవాబు తీసుకుందాం.

పాఠం ఎవరి సొంతం? యంత్రం మారితే పాఠం మనతో వస్తుందా? ఒప్పందం ముగిసిన మర్నాడు తెర మీద ఏం కనబడుతుంది?

మూడో ప్రశ్న దగ్గర నాకు కొంచెం పట్టుదల ఉంది. మన సోషల్ మాస్టారు చేత్తో గీసిన పటాలు, లెక్కల మాస్టారు నలభై ఏళ్ళుగా కూర్చిన ప్రశ్నపత్రాలు, తెలుగు టీచరు గారు పిల్లల చేత రాయించిన గోడపత్రికలు ఇంకా బీరువాలో ఉన్నాయి. వాటిని కూడా ఈ గదిలోకి ఎక్కించాలని అనుకుంటున్నాం. అద్దె ఇంట్లో కుర్చీలు, బల్లలు ఎవరివైనా ఫరవాలేదు. తాతలనాటి దస్తావేజులు ఇంటివాడి పెట్టెలో పెట్టం కదా. ఎవరి యంత్రం కొన్నా సరే, ఆ పటాలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే రూపంలో ఒక ప్రతి బడి దగ్గర ఉండాలి. ఆ ఒక్క షరతు ఒప్పందంలో రాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అది సాంకేతికంగా కుదురుతుంది. కుదరదని ఎవరైనా అంటే నన్ను పిలవండి, వచ్చి కూర్చుంటాను.