పిల్లల యాత్రకు పెద్దల చేయూత
(జీర్ణోద్ధరణ మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో విద్యార్థుల యాత్రను గూర్చి మాట్లాడడం అప్రస్తుతం కాదని మనవి చేస్తున్నాను. సముద్రతీరాన తన బలం తనకు తెలియక మౌనంగా కూర్చున్న హనుమంతునికి జాంబవంతుడు ఆయన జన్మవృత్తాంతం చెప్పి శక్తిని గుర్తుచేశాడు. ఆ తరువాతనే సముద్రలంఘనం జరిగింది. మన పిల్లలకు కూడా తాము పుట్టిన నేల బలం తెలియదు. జాంబవంతుని పాత్ర వహించవలసినవారం పెద్దలమైన మనమే.

మన పొరుగున గంగాధర మండలంలోని కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట ఉన్నది. పంప మహాకవి తమ్ముడైన జినవల్లభుడు పదవ శతాబ్దంలో అక్కడి బండపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వ్రాయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయ భారతానికి ముందటివి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు శ్రీముఖుని నాణేలు లభించాయి. ధూళికట్టలో బౌద్ధ స్తూపం వెలుగు చూసింది. వేములవాడ, ధర్మపురి, నాగునూరు, ఎలగందుల సరేసరి. ఇవన్నీ ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగల దూరంలోనే ఉన్నవి. అయినను మన పిల్లలలో ఎందరు చూశారు?

చూడకపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజులలో ఒకసారి విద్యార్థులను యాత్రకు తీసుకొని వెళ్ళదలచి, తలకు ఇంతని రుసుము నిర్ణయించాను. బయలుదేరే వేళకు ఒక బాలుడు రాలేదు. జ్వరమని కబురు పంపాడు. సాయంకాలం తిరిగివస్తుండగా వాడు చెరువు కట్టమీద మేకలు కాస్తూ కనిపించాడు. మా బస్సును చూసి చెట్టు చాటుకు తప్పుకొన్నాడు. వానికి అడ్డుపడినది జ్వరం కాదు, నేను నిర్ణయించిన రుసుము. ఈ కొండపై స్వామిని మొదట కనుగొన్నవాడు సింగం సంజీవుడనే పశువుల కాపరి అని స్థలపురాణం చెబుతున్నది. అటువంటి చోటికి చెందిన నేను, మేకల కాపరిని ఊరిలో విడిచి వారసత్వాన్ని చూడబోయాను!

అందువలన నా విన్నపం ఇది. యాత్రాధనం ఇంటింటి నుండి రుసుముగా కాక, తరగతి అంతటి ఉమ్మడి నిధిగా సమకూడవలెను. పిల్లలు పాత కాగితాలు సేకరించి అమ్మవచ్చును. పండుగనాడు కోలాటం, భజన ప్రదర్శించవచ్చును. జయంతి ఉత్సవాలలో దీక్షాపరులకు మంచినీరు అందించి సేవ చేయవచ్చును. ఆ శ్రమను చూసిన పెద్దలు తోచినది సమర్పింతురు. ఎవరి బిడ్డ ఎంత తెచ్చినదీ ప్రకటింపరాదు. వచ్చిన మొత్తం, అయిన ఖర్చు మాత్రం నల్లబల్లపై వ్రాసి అందరికీ చూపవలెను. లెక్క చూపని చందా రెండవసారి రాదు.

ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు. 2018 సెప్టెంబరులో ఈ ఘాటు దారిలోనే, పరిమితికి మించి జనం ఎక్కిన బస్సు లోయలో పడి అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ దుఃఖాన్ని మరువని మనం, ఖర్చు తగ్గుతుందని ఒకే వాహనంలో పిల్లలను కుక్కరాదు. నిధి చాలకపోతే యాత్రను నెల రోజులు వాయిదా వేద్దాము. ప్రతి బిడ్డకు ఒక ఆసనం అనేది తప్పరాని నియమం.

ఇక ఋణం తీర్చుకొనే విధానం. హనుమంతుడు లంకనుండి తిరిగివచ్చి, తనకొరకు ఎదురుచూస్తున్న వానరులకు తాను చూసినదంతా విన్నవించాడు. అట్లే పిల్లలు తిరిగివచ్చిన తరువాత గుడి ముంగిట ఒక సాయంకాలం కూర్చుండి, చూసినది దాతలకు చెప్పవలెను. బొమ్మలగుట్టను జీవితంలో చూడని అవ్వకు మనుమరాలు ఆ బండమీది అక్షరాలను వర్ణించి చెప్పిననాడు చందా బాకీ తీరినట్లే.

పూర్వం దానం చేసినవారి పేర్లు శిలపై చెక్కేవారు. నేడు ఇటువంటి సంచికలలో అచ్చువేస్తున్నాము. గుడికి సున్నం, రాయి కూర్చినవారి పుణ్యం గొప్పది. ఆ రాతిమీది అక్షరాన్ని చదివి, దాని విలువ తెలిసి కాపాడే తరం లేకపోతే, ఈ జీర్ణోద్ధరణ మరల జీర్ణమగును. ఈ సంచికను చదివి మూసివేసే ముందు, మీ ఊరి బడిలో రుసుము కట్టలేక ఆగిపోయే బిడ్డ ఎవరో ఒక్కసారి విచారించండి.

స్వామివారి కృపాకటాక్షములు అందరిపై ప్రసరించుగాక!

స్వస్తి.