మర్యాదలు నేర్పిన చలనచిత్రములు



రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికాలో బాలబాలికలకు నడవడి నేర్పుటకై పాఠశాలల తరగతిగదులలో చిన్న చలనచిత్రములు చూపుచుండెడివారు. ఒక్కొక్కటి సుమారు 10 నిమిషముల నిడివి. 16 మిల్లీమీటర్ల ఫిల్ము. షికాగో సమీపముననున్న గ్లెన్‌వ్యూలోని కారొనెట్ సంస్థ వీనిని విరివిగా నిర్మించినది.

1947 నాటి 'షై గై' యను చిత్రమున, క్రొత్త బడిలో చేరిన బిడియపు బాలునితో తండ్రి, పదిమంది మెచ్చినవారి నడతను గమనింపుమనును. వారు ఇతరుల మాట శ్రద్ధగా విందురనియు, ఇతరులకు సాయపడుదురనియు బాలుడు గ్రహించును. మన పెద్దలు చెప్పినదియు నిదియే గదా! 1950లో వెలువడిన 'ఎ డేట్ విత్ యువర్ ఫ్యామిలీ' యింటివారితో భోజనపు బల్లకడ మెలగవలసిన తీరును చూపినది.

కాని ఆ చిత్రములలో కనబడువారు దాదాపు అందరును శ్వేతజాతివారే. అప్పటికి దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పిల్లలకు వేరు బడులుండెను. ఆ వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పినది. బల్లకడ కూర్చుండు తీరు నేర్పిన పాఠము, ఆ బల్లను చేరనీయబడనివానిని గూర్చి మౌనము వహించినది.

నలుగురి మెప్పు పొందుట మర్యాదలో సగమే. ఆ నలుగురిలో చేరని అయిదవవానికి చోటిచ్చుట తక్కిన సగము. ఈ పఠనమందిరపు బల్లపై ప్రక్కవానికై జరిగి కూర్చుండు పాఠకుడు ఆ రెండవ సగమును నేర్చినవాడు.