సైనికులకు ‘ఇక చాలు’ అని చెప్పేదెవరు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సైన్సు మాస్టారు బోర్డు మీద తెల్ల రక్తకణం బొమ్మ వేసి, “వీళ్లేరా మన ఒంట్లో సైనికులు” అనేవారు. యుద్ధం ముగిశాక ఆ సైనికులను వెనక్కి పిలిచేదెవరని మనలో ఎవరమూ అడగలేదు. ముప్పై ఏళ్ల తర్వాత మా చెల్లెలికి లూపస్ వచ్చినప్పుడు నాకా ప్రశ్న ఎదురైంది. కాపాడాల్సిన కణాలే ఆమె కీళ్ల మీద, మూత్రపిండాల మీద పడ్డాయి.

నేను టర్బైన్ల మనిషిని, డాక్టర్ని కాను. చదివి అర్థం చేసుకున్నంత వరకు చెబుతాను.

మన డీఎన్ఏలో ప్రొటీన్ల తయారీ సమాచారం ఉన్న భాగం రెండు శాతం లోపే. మిగతా భాగం నుంచి కూడా ఎన్నో ఆర్ఎన్ఏలు పుడతాయి. వాటిలో సుమారు 22 అక్షరాల పొడవుండే బుల్లివి మైక్రో ఆర్ఎన్ఏలు. ఇవి ప్రొటీన్లుగా మారవు. ప్రొటీన్ చేయమనే ఆదేశాన్ని మోసుకెళ్లే ఆర్ఎన్ఏకు అతుక్కుని, ఆ తయారీని తగ్గిస్తాయి. 1993లో ఒక మిల్లీమీటరు పురుగులో వీటి జాడ తీసిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

2006లో అమెరికాలో డేవిడ్ బాల్టిమోర్ బృందం మిర్-146ఎ అనే మైక్రో ఆర్ఎన్ఏ పని కనిపెట్టింది. క్రిమి తగలగానే రక్షణ కణంలో ఎన్ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ పడుతుంది. వాపు, జ్వరం తెప్పించే జన్యువులు పని మొదలుపెడతాయి. అదే స్విచ్ మిర్-146ఎను కూడా తయారు చేయిస్తుంది. అది పెరిగేకొద్దీ, స్విచ్‌కి కబురు చేరవేసే ఐరాక్-1, ట్రాఫ్-6 ప్రొటీన్లు తగ్గుతాయి. కబురు పలచబడి స్విచ్ నెమ్మదిస్తుంది.

ఇది చదివి కుర్చీలోంచి లేచాను. ఇది మా గవర్నరే! టర్బైన్ వేగం 3000 చుట్లు దాటబోతే, ఆ వేగమే గవర్నర్‌ను కదిలించి ఆవిరి తగ్గిస్తుంది.

2011లో మిర్-146ఎ జన్యువు తీసేసిన ఎలుకలను గమనించారు. వాటి ప్లీహం ఉబ్బింది, సొంత శరీరంపైనే దాడి మొదలైంది, త్వరగా చనిపోయాయి. అంతకు ముందే, 2009లో, లూపస్ రోగుల తెల్ల రక్తకణాల్లో ఇది తక్కువగా ఉందని చైనా పరిశోధకులు చూపించారు. లూపస్‌కు ఇదొక్కటే కారణం కాదు. దీన్ని మందుగా ఇచ్చే రోజూ ఇంకా రాలేదు.

మరి ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? కరోనా రోజుల్లో, చెల్లెలు వాడే మందులు ఇమ్యూనిటీని తగ్గిస్తాయని ఎవరో అంటే విని, వాటిని మాన్పించి ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడి తెచ్చిచ్చింది నేనే. రెండు నెలలకు ఆమె ఆసుపత్రిలో చేరింది. గవర్నర్ పాడైన టర్బైన్‌కు ఇంకాస్త ఆవిరి వదలమన్న ఇంజనీరును నేను. అదృష్టం కొద్దీ కోలుకుంది. ఇప్పుడు మాత్రలు మానడం లేదు.

ఎంత గట్టిగా కొట్టాలో తెలిస్తే సరిపోదు, ఎప్పుడు ఆపాలో కూడా తెలిసినదే మంచి రక్షణ. మీ ఇంట్లో ఇలాంటి జబ్బున్నవాళ్లుంటే, డాక్టర్‌ని అడగకుండా మందు మాన్పించకండి. నాలాగా పొడులు తేకండి.

సెలవు.