అమ్మమ్మల పేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వంశవృక్షం గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి ఇది మన పని కాదనిపించవచ్చు. నిజమే. వంశం, గోత్రం అనే మాటలు మన దగ్గర స్త్రీలను అదుపులో పెట్టడానికే ఎక్కువ వాడారు. ఆ వృక్షాల్లో తండ్రులూ కొడుకులూ ఉంటారు గానీ తల్లులూ కూతుళ్ళూ కనిపించరు. అయితే నేను చెప్పబోయేది యూరప్‌లోని రోమానీ ప్రజల గురించి. వాళ్ళు పూర్వీకులను వెతుక్కోవడం గొప్పలు చెప్పుకోవడానికి కాదు. తమ పేర్లను ఎవరు రాసుకున్నారు, ఎందుకు రాసుకున్నారు, ఆ రాత వల్ల తమకేం జరిగింది అని అడగడానికి.

మనం జిప్సీలు అని వింటూ వచ్చింది వీళ్ళనే. ఈజిప్టు నుంచి వచ్చారని అపోహపడి ఇతరులు పెట్టిన పేరది. చాలా దేశాల్లో దాన్ని తిట్టుగానే వాడారు. వాళ్ళు తమను రోమా అనీ, జర్మనీ ప్రాంతంలో సింతీ అనీ, ఇంగ్లండులో రోమానీ అనీ చెప్పుకుంటారు. వాళ్ళ భాషలో నీళ్ళు పానీ, ముక్కు నాక్, చెవి కాన్, అయిదు పాంచ్. ఉత్తర భారతం నుంచి సుమారు వెయ్యేళ్ళ కిందట బయలుదేరిన వాళ్ళని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. అద్దాల రవికె చూసి మన లంబాడీలూ వాళ్ళూ ఒకటేనని తేల్చేయడం తొందరపాటు. ఆ రెండు ప్రజలకూ ఉన్న పోలిక బట్టల్లో కన్నా పోలీసు రిజిస్టర్లలో ఎక్కువ కనిపిస్తుంది. దాని గురించి చివర్లో చెబుతాను.

ఒక రోమానీ స్త్రీ తన ముత్తవ్వను వెతకడం మొదలుపెడితే ముందు చేతికి తగిలేవి ప్రభుత్వం రాసిన కాగితాలు. ఇంగ్లండులో 1530లో వీళ్ళు దేశం వదిలిపోవాలని చట్టం వచ్చింది. 1554లో వెళ్ళని వాళ్ళకు మరణశిక్ష పెట్టారు. ఆ చట్టాలు పూర్తిగా పోవడానికి వందల ఏళ్ళు పట్టింది. స్పెయిన్‌లో 1749లో వేలమందిని ఒక్కసారిగా పట్టుకుని, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ విడదీసి బంధించారు. రుమేనియా ప్రాంతంలో 1850ల దాకా రోమా ప్రజలు బానిసలు. వాళ్ళను కొన్నారు, అమ్మారు. ఫ్రాన్స్ 1912లో సంచార జాతుల వాళ్ళకు ఒక పుస్తకం ఇచ్చింది. అందులో ఫోటో, వేలిముద్రలు, శరీరం కొలతలు ఉండేవి. పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లకు కూడా ఆ పుస్తకం తప్పదు. ఈ రోజు మనవరాళ్ళు చూసుకుంటున్న అమ్మమ్మ ఫోటో చాలాసార్లు ఆ పుస్తకంలోదే.

వీటన్నిటికన్నా భయంకరమైంది జర్మనీ అనుభవం. రోమా, సింతీ కుటుంబాల వంశవృక్షాలను అంత పెద్ద ఎత్తున మొదట గీసింది వాళ్ళ శత్రువులు. 1936లో రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడి కింద ఒక పరిశోధనా విభాగం పెట్టారు. అందులో ముఖ్య సహాయకురాలు ఒక స్త్రీ, ఎవా జస్టిన్. ఆమె రోమానీ భాష మాట్లాడగలదు. గుడారాల్లో కూర్చుని ముసలమ్మలతో కబుర్లు చెప్పి, ఎవరు ఎవరి కూతురో రాసుకుంది. తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఒక అనాథ శరణాలయంలో ఉంచిన పిల్లలపై డాక్టరేటు పరిశోధన చేసింది. ఆ పని అయ్యాక, 1944 మేలో, ఆ పిల్లల్లో దాదాపు 40 మందిని ఆష్‌విట్జ్‌కు పంపారు. ఎక్కువమంది తిరిగి రాలేదు. యుద్ధం తర్వాత ఎవా జస్టిన్‌కు ఏ శిక్షా పడలేదు.

కాబట్టి ఒక రోమానీ ముసలమ్మ "మీ అమ్మమ్మ పేరేమిటి?" అని అడిగితే మౌనంగా ఉండిపోయిందంటే, మతిమరుపు అనుకోకూడదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినందుకు చచ్చిపోయినవాళ్ళు ఆమె ఇంట్లో ఉండివుంటారు.

కాగితం ఎప్పుడూ శత్రువే అని కూడా అనలేం. ఆష్‌విట్జ్‌లో రోమా కుటుంబాల శిబిరానికి పెద్ద రిజిస్టర్లుండేవి. వాటిలో సుమారు 21,000 పేర్లున్నాయి. సగానికి కాస్త ఎక్కువే స్త్రీలవి. ఆ శిబిరంలో మిగిలిన సుమారు 4,300 మందిని 1944 ఆగస్టు 2 రాత్రి చంపేశారు. కానీ అక్కడి పోలిష్ ఖైదీలు ఆ రిజిస్టర్లను దొంగిలించి బకెట్‌లో పెట్టి భూమిలో పాతిపెట్టారు. 1949లో తవ్వి తీశారు. నీటికి తడిసి కొన్ని పేజీలు పాడైనా, ఇవాళ ఎన్నో కుటుంబాలకు తమ వాళ్ళు ఎక్కడ పోయారో చెప్పేది ఆ పుస్తకాలే.

ఇంగ్లండులో ఈ వెతుకులాట ఎలా చేస్తారో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. 1841 జనాభా లెక్కల్లో గుడారాల్లో, కొట్టాల్లో పడుకున్న వాళ్ళ పేర్లు రాయలేదు. మగవాళ్ళు ఇంతమంది, ఆడవాళ్ళు ఇంతమంది అని మాత్రం రాశారు. కనుక చర్చిల్లో పిల్లల బాప్తిస్మం రిజిస్టర్లు చూస్తారు. ఒకే తల్లి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో నమోదై ఉంటారు. తండ్రి వృత్తి దగ్గర బుట్టలల్లేవాడు, సానపట్టేవాడు, తిరిగి సరుకులమ్మేవాడు అని ఉంటుంది. ఆ ఊళ్ళన్నీ పటం మీద గుర్తుపెడితే ఒక దారి కనిపిస్తుంది. సెప్టెంబరులో కెంట్‌లో బీరుకు వాడే హాప్ కాయలు కోయడం, జూన్‌లో ఆపిల్‌బీ గుర్రాల సంత... అలా ఏడాది పొడుగునా పనివెంట నడిచిన తల్లి దారి అది. లీ, స్మిత్, బోస్వెల్ లాంటి ఇంటిపేర్లు ఇతరులకూ ఉంటాయి కనుక వాటితో ఏదీ రుజువు కాదు. ఊరు, పని, తోబుట్టువుల పేర్లు, మూడూ కలవాలి.

మిగతాది చెప్పవలసింది జ్ఞాపకమే. ఇక్కడ ఒక చిక్కుంది. చాలా రోమానీ కుటుంబాల్లో చనిపోయిన వాళ్ళ పేరు ఎత్తరు. ఇంగ్లండులో మనిషి పోతే ఆ మనిషి బండినీ సామాన్లనూ తగలబెట్టే ఆచారం ఉండేది. అంటే పెట్టెలో దాచిన ఉత్తరాలుండవు, నగలుండవు. ఉన్నది వంట దగ్గర, పొయ్యి దగ్గర స్త్రీలు చెప్పిన మాటలే. అవి బయటికి తేవాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చుకోవలసిన విషయం. ఆస్ట్రియాలో ఛైయా స్టోయ్కా మూడు నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన రోమా స్త్రీ. 1988లో తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది. అప్పటిదాకా ఈ విషయం బయటివాళ్ళతో మాట్లాడకపోవడమే మామూలు. ఆమె తర్వాత మిగతావాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి.

ఇదంతా గతం అనుకోకండి. కమ్యూనిస్టు పాలనలోని చెకొస్లొవేకియాలోనూ, ఆ తర్వాత చెక్ రిపబ్లిక్‌లోనూ రోమా స్త్రీలకు బలవంతపు కు.ని. ఆపరేషన్లు చేశారు. ఎలెనా గోరొలోవా అనే స్త్రీకి 1990లో సిజేరియన్ సమయంలో సంతకం పెట్టించుకుని ఆపరేషన్ చేశారు. అప్పుడామెకు ఇరవై ఒక్క ఏళ్ళు. ఆమె, ఆమెలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2021లో పరిహార చట్టం వచ్చింది. ఒక్కొక్కరికి 3 లక్షల కొరునాలు. కానీ దరఖాస్తు పెడితే ఆస్పత్రి కాగితం తెమ్మన్నారు. గడువు తీరిందని ఆస్పత్రులు ఎన్నో కాగితాలను ఎప్పుడో నాశనం చేశాయి. కాగితం లేదని దరఖాస్తులు తోసేశారు. ఇతర సాక్ష్యాలు కూడా చూడాలని కోర్టులు చెప్పవలసి వచ్చింది. కోతపెట్టిన మచ్చ ఒంటి మీద ఉన్నా, ఆమె మాటను సాక్ష్యంగా తీసుకోవడానికి ఇంత పోరాటం కావలసివచ్చింది. వంశవృక్షం, హక్కు, రెండూ కలిసే చోటు ఇదే.

ఇక మన సంగతి. 1871 నేరస్థ జాతుల చట్టం, మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 చట్టం కింద మన ఎరుకల కుటుంబాలకూ ఇలాగే పేర్లు రాశారు, వేలిముద్రలు తీశారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ ఆ రిజిస్టర్లలో ఉన్న అమ్మమ్మల మాట ఎవరు విన్నారు? తెలంగాణ పోరాటంలో స్త్రీల మాటలను రికార్డు చేసి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చిన అనుభవం మనకుంది. సంచార జాతుల స్త్రీల దగ్గరా ఆ పని చేయాలి.

చేసేటప్పుడు మూడు విషయాలు మరవద్దు. ఒకటి, పోలీసు రాసిన మాటను ఆ స్త్రీ గుణంగా ఎత్తి రాయకూడదు. ఎవరు రాశారో పక్కన చెప్పాలి. రెండు, పేరుతో మొదలుపెట్టవద్దు. ఏ కాలంలో ఏ పనికి వెళ్ళేవాళ్ళు, ఏ సంతలో ఏం అమ్మేవాళ్ళు అని అడగండి; దారి తెలిస్తే పేర్లు వాటంతట అవే వస్తాయి. మూడు, రికార్డు చేసింది ముందు ఆమెకు వినిపించి, ఆమె వద్దన్నది తీసేసి, ఒక ప్రతి ఆమె కుటుంబానికి ఇవ్వాలి. ఎవా జస్టిన్ కూడా భాష నేర్చుకుంది, ప్రేమగా మాట్లాడింది, రాసుకుంది. ఆ రాత ఎవరి చేతికి వెళుతుందో ఆ స్త్రీలకు తెలియదు. మనం కలిసే ప్రతి స్త్రీకీ అది తెలిసి తీరాలి.