కేశ్‌కాల్ ఘాట్ నుంచి కాంగేర్ లోయ దాకా

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా బయలుదేరి, ధమ్తరీ, కాంకేర్, కొండగావ్‌ల మీదుగా జగదల్‌పూర్ చేరి, అక్కడి నుంచి సుక్మా, కోంటాలు దాటి భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి, పాత పటాల్లో జగదల్‌పూర్ వరకు 43గా, ఆపైన 221గా కనిపిస్తుంది. తెలుగు నేలను ఛత్తీస్‌గఢ్‌తో కలిపే ఈ దారిలో చూడదగిన ఘట్టాలు రెండు. ఒకటి పైకి ఎక్కించేది, మరొకటి కిందికి దించేది.

రాయ్‌పూర్ నుంచి కాంకేర్ వరకు నేల దాదాపు చదును. ఇరువైపులా మహానది పరీవాహకంలోని వరి పొలాలే. కాంకేర్ దాటాక వచ్చే కేశ్‌కాల్ ఘాట్‌లో రహదారి పన్నెండు పెద్ద మలుపులు తిరిగి బస్తర్ పీఠభూమి మీదికి చేరుతుంది. పీఠభూమి అంటే చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉండి, పైభాగం మాత్రం ఇంచుమించు చదునుగా ఉండే ప్రదేశం. ఘాట్ ఎక్కిన ప్రయాణికుడు అవతలి దిగుడు కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది, ఎందుకంటే సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న జగదల్‌పూర్ వరకు, అంటే ఇంద్రావతి ఒడ్డు వరకు, నేల ఆ ఎత్తులోనే సాగుతుంది. అన్నమదేవుడు, అంటే కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు, ఓరుగల్లు పతనానంతరం వచ్చి స్థాపించాడని చెప్పుకునే బస్తర్ రాజ్యం ఈ పీఠభూమిదే.

అసలు దిగుడు జగదల్‌పూర్ దాటిన తరువాత, దర్భా ప్రాంతపు అడవుల్లో మొదలవుతుంది. ఆ దిగుడు దారిలోనే ఉన్న సుమారు 200 చదరపు కిలోమీటర్ల కాంగేర్ లోయను 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఉత్తరాది నుంచి వ్యాపించిన సాల్ వృక్షాలు, దక్షిణాదిన విరివిగా పెరిగే టేకు ఇక్కడ ఒకే అడవిలో కలిసి కనిపించడం వృక్షశాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించే విషయం.

ఈ లోయకు ప్రత్యేకత తెచ్చినది దాని సున్నపురాయి. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు స్వల్పంగా ఆమ్లగుణం పొంది, రాతి పగుళ్లలోకి దిగి, వేల ఏళ్లపాటు సున్నాన్ని కరిగించగా గుహలు ఏర్పడ్డాయి. కరిగిన సున్నం చుక్కచుక్కగా మళ్లీ పేరుకొన్నప్పుడు కప్పు నుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల నుంచి పైకి లేచేవి స్టాలగ్మైట్లు. 1950లలో భూగోళ శాస్త్రజ్ఞుడు శంకర్ తివారీ పరిశోధించిన కుటుంసర్ గుహలో, వెలుగు సోకని నీటిలో బతుకుతూ కళ్లు కుంచించుకుపోయి, ఒంటి రంగు వెలిసిన చేపలున్నాయి. రహదారి పక్కనున్న అటవీ నాకా వద్ద సొంత వాహనం ఆపి, అనుమతి పొందిన జీపులో మార్గదర్శకునితో వెళ్లవలసిన గుహ ఇది. ఉద్యానవనంలోనే తీరథ్‌గఢ్ వద్ద ముంగా బహార్ అనే ఏరు మెట్లుమెట్లుగా సుమారు 300 అడుగులు జారి కాంగేర్ నదిలో కలుస్తుంది. కాంగేర్ కోలాబ్‌లో, తెలుగువారు శబరి అని పిలిచే ఆ కోలాబ్ కూనవరం వద్ద గోదావరిలో కలుస్తాయి.

లోయలోని ఊళ్లలో నివసించే ధుర్వాల భాష తెలుగుకు దూరపు బంధువే. అది ద్రావిడ భాషల్లో మధ్య ద్రావిడ శాఖకు చెందినది. మనుషుల మాటలను అనుకరించగల కొండ గోరింకను, అంటే రాష్ట్ర పక్షి అయిన పహాడీ మైనాను, కాపాడే పనిలో స్థానిక యువకులను అటవీ శాఖ ‘మైనా మిత్ర’లుగా చేర్చుకుంది. 2013 మే 25న ఝీరమ్ ఘాటీలో మావోయిస్టులు కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై జరిపిన దాడితో దేశానికి భయం గొలిపే పేరుగా మిగిలినదీ ఈ దర్భా దారే. అదే ప్రాంతంలో ధుడ్‌మారస్ గ్రామస్థులు నేడు కాంగేర్ నదిలో వెదురు తెప్పలపై సందర్శకులను తిప్పుతున్నారు.

వానాకాలంలో జలపాతం నిండుగా దూకుతుంది గాని, నీరు చేరే గుహను ఆ నెలల్లో మూసివేస్తారు. వేసవిలో గుహ తెరిచే ఉంటుంది గాని, ఏరు సన్నబడుతుంది. రెండూ చూడదలచినవారికి వర్షాలు వెనుదిరిగి, గుహ తెరిచిన తొలి వారాలు అనువైనవి.