ముప్పై ఎకరాల ఊరు, 436 మంది

ఈ ఎపిసోడ్ రికార్డు చేస్తున్నప్పుడు వెనకాల మా డిష్‌వాషర్ మోగుతూనే ఉంది. విన్నవాళ్ళు క్షమించాలి, చదివేవాళ్ళకి ఆ బాధ లేదు.

అమెరికాలో మన తెలుగువాళ్ళం ఉండే ఊళ్ళన్నీ పెరిగే ఊళ్ళే. యాష్‌బర్న్ కానివ్వండి, ఫ్రిస్కో కానివ్వండి, నిన్న మొక్కజొన్న చేను ఉన్నచోట ఇవాళ టౌన్‌హౌస్‌లు లేస్తుంటాయి. తరిగిపోయే ఊరు మన కంట పడదు. అలాంటి ఊరొకటి నేనుండే వర్జీనియాలోనే ఉందని చాలా ఏళ్ళుగా చదువుతున్నాను గానీ, మొన్న వేసవిలోగానీ వెళ్ళి చూడటం కుదరలేదు. ఆ ఊరి పేరు టాంజియర్.

చెసపీక్ అఖాతం మధ్యలో ఉన్న ద్వీపం ఇది. అకొమాక్ కౌంటీ కిందికి వస్తుంది. 1906 నుంచి ఇది చట్టప్రకారం టౌను, మేయరూ కౌన్సిలూ ఉన్నారు. అంటే మన లెక్కలో మున్సిపాలిటీయే అనుకోండి, మన పంచాయతీలో ఒక వార్డుకి సరిపడా జనం కూడా లేని మున్సిపాలిటీ. వంతెన లేదు. వర్జీనియా ఊరే అయినా మేం పడవ ఎక్కింది మేరీలాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్‌లో. అక్కణ్ణుంచి దాదాపు 12 మైళ్ళ నీళ్ళు. టపా మోసే పడవలోనే మనుషులూ, సరుకులూ, అట్టపెట్టెలూ అన్నీ వెళ్తాయి. మా పక్కన కూర్చున్నావిడ కాళ్ళ దగ్గర రెండు వారాలకి సరిపడా పాలు, గుడ్లు ఉన్నాయి.

దిగగానే ముందు కనబడేది పీతల షెడ్లు. నీళ్ళలో కర్రలు పాతి, వాటి మీద కట్టిన చెక్క గదులు. లోపల తొట్లలో బ్లూ క్రాబ్‌లు ఉంటాయి. పీత పెరిగేటప్పుడు పాత డొప్ప వదిలేస్తుంది కదా, ఆ వదిలిన కాసేపే ఒళ్ళు మెత్తగా ఉంటుంది. నీళ్ళలో అలాగే ఉంచితే కొన్ని గంటల్లోనే మళ్ళీ గట్టిపడిపోతుంది. అందుకని రాత్రీ పగలూ లేకుండా తొట్టి తొట్టికీ తిరిగి, డొప్ప వదిలిన పీతని అప్పటికప్పుడు తీసి సర్దాలి. న్యూయార్క్ హోటళ్ళలో సాఫ్ట్ షెల్ క్రాబ్ అని ఖరీదుగా వడ్డించేది ఇదే. ఊరి బతుకంతా ఆ కొద్ది గంటల మెత్తదనం మీద నడుస్తోంది.

ఇప్పుడు నేల సంగతి. ద్వీపం అంటే ఏదో గుట్ట అనుకునేరు. నీటి మీద మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉండే మూడు సన్నటి మిట్టలు, వాటి మధ్య గడ్డి పెరిగిన ఉప్పు చిత్తడి, మిట్టకీ మిట్టకీ మధ్య చిన్న చెక్క వంతెనలు, అంతే. వీధులు సన్నం, అందరూ గోల్ఫ్ కార్ట్‌ల మీదే తిరుగుతారు. చాలా ఇళ్ళకి ముందు వాకిట్లో సమాధులున్నాయి. మొదట చూసి ఉలిక్కిపడ్డాం గానీ, ఆలోచిస్తే సబబే. ఎత్తు నేల కొంచెమే ఉన్నప్పుడు బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ దాన్నే పంచుకోవాలి.

ఆ కొంచెం నేలా ఎంత? 1967లో ఇళ్ళు కట్టుకోదగ్గ మిట్ట నేల 32.8 హెక్టార్లు. 2019కి 12.5 హెక్టార్లు. ఎకరాల్లో చెప్తే ఎనభై ఒకటి ఉన్నది ముప్పై ఒకటి అయింది. మా నాన్నగారికి ఫోన్‌లో చెప్తే, "మన పక్క కొబ్బరితోట అంత లేదురా," అన్నారు. చిత్తడితో సహా మొత్తం ద్వీపాల విస్తీర్ణం తీసుకుంటే, 1850 నుంచి ఇప్పటికి మూడింట రెండు వంతులు నీళ్ళలో కలిసిపోయింది.

ఎందుకు పోయింది అన్నదగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే. అలలు ఒడ్డుని కోసేస్తున్నాయి, ఇది కంటికి కనబడుతుంది. సముద్ర మట్టం పెరుగుతోంది, ఇది కంటికి కనబడదు. మూడోది ఇంకా చిత్రం, నేలే దిగిపోతోంది. ఉత్తరాన ఒకప్పుడు మైలు మందం మంచు ఉండేది. దూది పరుపు మీద ఒక చివర కూర్చుంటే పక్కన ఉబ్బుతుంది చూడండి, అలా ఆ మంచు బరువుకి ఇక్కడి నేల ఉబ్బింది. మంచు కరిగి వేల ఏళ్ళయినా ఆ ఉబ్బు ఇంకా నిదానంగా దిగుతూనే ఉంది. ఈ రెండూ కలిపి, దగ్గర్లోని నార్‌ఫోక్ కొలతల ప్రకారం, నీరు ఏడాదికి అయిదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువగా పైకి వస్తోంది. వందేళ్ళకి అడుగున్నర. మూడు నాలుగు అడుగుల ఊరికి అడుగున్నర అంటే మీరే లెక్కేసుకోండి.

ఊళ్ళో చాలామంది మాత్రం ఇది కోతే, సముద్రం పెరగడం కాదు అంటారు. 2017లో అప్పటి ప్రెసిడెంట్ ట్రంప్ మేయర్ జేమ్స్ ఎస్క్రిడ్జ్‌కి ఫోన్ చేసి, మీ ద్వీపం వందల ఏళ్ళుగా ఉంది, ఇంకా వందల ఏళ్ళు ఉంటుంది అని ధైర్యం చెప్పారు. అదే ఏడాది సీఎన్ఎన్‌లో ఆ మేయరు అల్ గోర్‌ని ఎదురుగానే అడిగారు, నేను రోజూ నీళ్ళ మీదే ఉంటాను, మట్టం పెరిగినట్టు నాకెందుకు కనబడలేదు అని. అప్పట్లో మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియో పెట్టి నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, ఒప్పుకుంటాను. అక్కడికి వెళ్ళాక ఆ నవ్వు పోయింది. కోత అంటే గోడ కట్టి ఆపొచ్చు. 1990 ప్రాంతంలో పడమటి వైపు, విమానాలు దిగే రన్‌వే పక్కన రాతి గోడ కట్టారు, అక్కడ కోత ఆగింది కూడా. సముద్రం పెరుగుతోంది అని ఒప్పుకుంటే, ఇక మీరు ఖాళీ చేయండి అన్న మాటకి సగం ఒప్పుకున్నట్టే. సైన్సు వైపు నుంచి వాళ్ళ వాదన తప్పు, నాకు అనుమానం లేదు. కానీ ఆ తప్పు వెనక ఉన్నది తెలివితక్కువతనం కాదు.

ఇక మనుషులు. 1930 సెన్సస్ నాటికి ఈ ఊళ్ళో 1,100 మంది పైనే. 2000లో 604. 2010లో 727. 2020లో 436. మధ్యలో ఆ 727 ఏంటి, పెరిగిందా అని మీకు అనుమానం రావచ్చు. ఇంత చిన్న ఊళ్ళో పదీ ఇరవై కుటుంబాల్ని ఎక్కడ లెక్కేశారన్నదాన్ని బట్టే అంకె ఊగుతుంది. పైగా 2020లో జనాల వివరాలు బయటపడకుండా సెన్సస్ బ్యూరో రాష్ట్రం కంటే కింది స్థాయి అంకెల్లో కావాలనే కాస్త నాయిస్ కలిపింది, డేటా సైన్స్‌లో ఉన్నవాళ్ళకి ఆ పద్ధతి తెలిసే ఉంటుంది. కాబట్టి ఒక్క పదేళ్ళని పట్టుకోకండి, తొంభై ఏళ్ళ గీత చూడండి. సగానికి సగం కంటే ఎక్కువే దిగింది.

దిగడానికి కారణం నీళ్ళొక్కటే కాదు. 2008లో బ్లూ క్రాబ్‌లు బాగా తగ్గిపోయి, వర్జీనియా ప్రభుత్వం చలికాలపు పీతల వేట మూసేసింది. చలికాలం సంపాదన పోతే కుర్రాళ్ళేం చేస్తారు? టగ్ బోట్‌ల మీద ఉద్యోగాలకి వెళ్ళారు. వారాల తరబడి బయటే ఉంటారు. కొన్నాళ్ళకి పెళ్ళాంపిల్లలు కూడా ఒడ్డుకి మారతారు. ఊళ్ళో చిన్నపిల్లల దగ్గర్నుంచి పన్నెండో తరగతి దాకా ఒకటే బడి. ఏటా పన్నెండు పాసయ్యేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మమ్మల్ని గోల్ఫ్ కార్ట్‌లో తిప్పినావిడని నేను ఊరికే అడిగాను, ఇప్పుడు ఎంతమంది ఉంటారండీ అని. ఆవిడ నవ్వి, "సెన్సస్ వాళ్ళ సంగతి నాకు తెలీదు, నేను రాత్రి దీపం వెలిగే ఇళ్ళు లెక్కపెడతాను," అంది. ఆ తర్వాత దారి పొడుగునా చేయి చూపిస్తూనే ఉంది. ఇది వేసవి ఇల్లు, ఇది అమ్మకానికి, ఇది వెలుగుతుంది, ఇది పోయినేడు ఆరిపోయింది. మా ఆవిడ ఆ మాటలు వింటూ నా చెయ్యి గిల్లింది, ఇంక అడక్కు అన్నట్టు.

ఒక సరదా సంగతి కూడా చెప్పాలి. వీళ్ళ ఇంగ్లీషు యాస షేక్‌స్పియర్ కాలం నాటిది అని టూరిస్టు పుస్తకాల్లో రాస్తారు. భాషాశాస్త్రవేత్తలు అది నిజం కాదంటారు, ఏకాంతంలో తనంతట తాను పెరిగిన యాస అది. నాకు నచ్చింది వేరే. వీళ్ళు ఉన్నది తిప్పి చెప్తారు. మందకొడిని చూసి "ఏం చురుకు" అంటారు, గాలివానలో "ఏం చక్కటి రోజు" అంటారు. గోదావరి జిల్లాలవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. వెటకారం ఒక్కటి చాలు, నేను మా ఊరికి వచ్చేసినట్టే అనిపించింది.

మా ఊరు అన్నాను కదా, అదీ చెప్తాను. మా అమ్మమ్మగారిది కాకినాడ పక్కన ఉప్పాడ, జాందానీ చీరల ఊరు. టాంజియర్‌కి ఉత్తరాన, కాలువకి అవతల, ద్వీపంలో ఇంకో ముక్క ఉంది. మ్యాపులో దాని పేరు చూసి ఆగిపోయాను, అప్పర్డ్స్. ఇంగ్లీషులో రాస్తే మొదటి నాలుగు అక్షరాలు ఉప్పాడవే. ఆ అప్పర్డ్స్‌లో కేనన్ అని ఒక పల్లె ఉండేది. 1930కి ముందే అలల దెబ్బకి ఖాళీ చేసి, కొందరు ఇళ్ళు విప్పుకుని పడవల మీద వేసుకుని టాంజియర్‌కి వచ్చేశారు. సమాధుల్ని తెచ్చుకోలేకపోయారు. 2012లో శాండీ తుపాను వెళ్ళాక అక్కడ ఒడ్డున ఎముకలు బయటపడ్డాయి.

ఉప్పాడలో మా అమ్మమ్మ వేలు పెట్టి సముద్రంలోకి చూపించేది. "అదిగో అబ్బాయ్, ఆ అల లేస్తోందే, అక్కడ మా మేనమావ ఇల్లుండేది." చిన్నప్పుడు నాకది కథ. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు కోసుకుపోవడం, మళ్ళీ బండలు పోయడం, జియోట్యూబ్ గోడ కట్టడం, అదీ చిరగడం, ఇవన్నీ చూస్తూనే పెరిగాం. ఒక తేడా మాత్రం ఉంది. ఉప్పాడలో నేల పోయింది గానీ మనుషులు పోలేదు. ఒక వీధి పోతే వెనక వీధిలో ఇరుక్కుని కూర్చున్నారు. జనం అంతమంది ఉన్నారు కాబట్టే ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి బండలైనా పోస్తున్నారు. టాంజియర్‌లో వెనక వీధి లేదు.

అక్కడే ఈ ఊరి అసలు చిక్కు ఉంది. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌లో పనిచేసిన డేవిడ్ షుల్టే అనే జీవశాస్త్రవేత్త 2015లోనూ 2021లోనూ ఈ ద్వీపం మీద పరిశోధన పత్రాలు వేశారు. రెండోదాంట్లో నేల తరుగుదలనీ జనం తరుగుదలనీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండు గీతలూ 2050 కాస్త దాటేసరికి సున్నాకి వస్తాయి. ఊరిని కాపాడి, నేల ఎత్తు పెంచడానికి 25 నుంచి 35 కోట్ల డాలర్లు కావాలని అంచనా. అందర్నీ ఒడ్డుకి తరలించడానికైతే 10 నుంచి 20 కోట్లు. ప్రభుత్వం ఏ గోడ కట్టాలన్నా ఖర్చు ఇంత, లాభం ఇంత అని లెక్క వేస్తుంది. 436 మందికి 35 కోట్లంటే తలకి ఎనిమిది లక్షల డాలర్లు. అదే 1930లో ఉన్నంత జనం ఉంటే తలకి మూడు లక్షల చిల్లర. అంటే ఒక్కో కుటుంబం వెళ్ళిపోయిన కొద్దీ, మిగిలినవాళ్ళ కోసం గోడ కట్టడం ఇంకా దండగ అనిపిస్తుంది. గోడ రాదని తెలిసిన కొద్దీ ఇంకో కుటుంబం వెళ్ళిపోతుంది. పడవల దారి కాపాడటానికి ఏళ్ళ తరబడి అడుగుతున్న రాతి కట్ట 2020కిగానీ పూర్తవలేదు.

దగ్గర్లోనే హాలండ్ ద్వీపం ఉండేది. 1910లో అక్కడ దాదాపు 360 మంది. ఆఖరి ఇల్లు 2010లో ఒరిగిపోయింది. పక్కనున్న స్మిత్ ద్వీపంవాళ్ళకి శాండీ తర్వాత మేరీలాండ్ ప్రభుత్వం ఇళ్ళు కొనేస్తామంది, వాళ్ళు వద్దన్నారు. ఎవరిది సరైన నిర్ణయమో నేను చెప్పలేను. పన్ను కట్టేవాడిగా ఆలోచిస్తే 35 కోట్లు నాకూ ఎక్కువే అనిపిస్తుంది. ఉప్పాడ మనవడిగా ఆలోచిస్తే, ఆ లెక్కలో "తరలించడం" అన్న ఒక్క మాటలో ఏమేం కలిపారో అడగాలనిపిస్తుంది.

సాయంత్రం క్రిస్‌ఫీల్డ్‌లో దిగాక అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "మరి వాళ్ళందరూ ఎక్కడికెళ్తార్రా?" అంది. కొందరు ఇక్కడే క్రిస్‌ఫీల్డ్‌కి, కొందరు సాలిస్‌బరీకి, కొందరు టగ్ బోట్‌లు ఆగే రేవులకి అని చెప్పాను.

"అందరూ ఒక్కచోటికి కాదా?"

కాదమ్మా, అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, భోంచేశారా అని అడిగింది.