ముదిమికి ముందుచూపు

పంచాయతీ సభ్యులారా!

మన పల్నాటి సేద్యమునకు పత్తియు, మిరపయు ఆధారములు. ధర పలికిన ఏడు చేతిలో రొక్కముండును; పలుకని ఏడు అప్పు మిగులును. రైతునకు గాని, కూలికి గాని ఉద్యోగ విరమణ దినమనునది లేదు. ఒడలిలో సత్తువ ఉడిగిన నాడే విరమణ. బిడ్డలు ఎంత ఆదరించినను, మందులకు చేయి చాపనక్కరలేని ముదిమియే గౌరవప్రదము.

ఇందులకై 2015లో కేంద్ర ప్రభుత్వము అటల్ పెన్షన్ యోజనను ప్రారంభించినది. 18 నుండి 40 ఏండ్ల వరకు వయస్సు గలిగి, ఆదాయపు పన్ను చెల్లించనివారు బ్యాంకులో గాని, తపాలా కార్యాలయములో గాని చేరవచ్చును. 60 ఏండ్లు నిండిన పిదప నెలకు 5,000 రూపాయల పింఛను కోరువారు, 18 ఏండ్ల వయస్సున చేరినచో నెలకు 210 రూపాయలు, 40 ఏండ్ల వయస్సున చేరినచో 1,454 రూపాయలు కట్టవలెను. పంట డబ్బు వచ్చు వేళను బట్టి ఆరు నెలలకొకసారియు కట్టవచ్చును. చందాదారు మరణించినచో జీవిత భాగస్వామికి అదే పింఛను లభించును.

నలుబది దాటినచో ఈ తలుపు మూతపడును. కావున రాబోవు గ్రామసభలోనే వార్డులవారీగా అర్హుల పట్టిక వ్రాయించి, కౌలుదారులను, కూలీలను మరువక, ఈ సంగతి ఇంటింటికి ఎరుకపరుపుడని మేము కోరుచున్నాము. వానకు ముందే చెరువుగట్టు చక్కబెట్టుకొను ఊరికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు.